బంగారి ఒప్పుకుంటేనే బీదర్

నేను మాట తక్కువ మనిషిని. ఆ ఉన్న తక్కువ మాటల్లో ఒకటి తప్పు పడింది.

వానలు వెనక పట్టిన రోజులు. కొత్తగూడ నుంచి ఏడు సీట్ల బండి తీసుకొని ఘనపూర్ దిక్కు వచ్చాను. భూపాలపల్లిలో ఒక ఆఫీసుకు బండి కిరాయికి కుదిరింది. ఘనపూర్ పక్క ఊళ్లో, రోడ్డు మీది ఇంట్లో గది ఖాళీ ఉందంటే చూద్దామని పోయాను. కొట్టంలో ఒకామె నాకు వీపు పెట్టి కూర్చొని బర్రె పాలు పిండుతోంది.

"చిన్నమ్మా, గది కిరాయికి ఉన్నదంట గద?" అన్నాను.

"ఉన్నది కొడుకా. జర ఆగు. ఇప్పుడు లేస్తే ఇది మళ్ల పాలు దింపది," అన్నది ఆమె తిరగకుండానే.

చిన్నమ్మా అన్నాను, కొడుకా అన్నది. అంతా బాగానే ఉంది. అప్పుడు గేటు చప్పుడైంది.

బస్సు దిగి వచ్చిన పిల్ల. భుజానికి బ్యాగు, చేతిలో గొడుగు. గొడుగు మీదికన్నా జుట్టు మీదనే ఎక్కువ నీళ్లున్నాయి. నన్ను మీది నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి కాళ్ల దగ్గర ఆగింది.

"ఇగో అన్నా, గా బురద చెప్పులు గేటు కాడ విడువు. పొద్దుగాలనే కడిగిన గచ్చు."

విడిచాను. చెప్పులతో పాటు ఇంకోటి కూడా అక్కడనే విడిచినట్టున్నాను. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు.

అరుగు మీద మంచంలో కూర్చున్న ముసలమ్మ నన్ను పిలిచింది. ఆమె పేరు యాకమ్మ. ఇంటి పెద్ద సారయ్యకు తల్లి.

"ఇంటి పేరేంది పిలగా? ఏ ఊరు? మీ అమ్మ ఏ ఇంటి బిడ్డ?"

చెప్పాను. ముసలమ్మ కండ్లు మూసుకొని లోపల ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది.

"అరె, మనోళ్లే గదనే సుజాతా! మా ఆడిబిడ్డ తోటికోడలు దిక్కు. లెక్కకు మన రేణుకకు బావ కావాలె గీ పిలగాడు."

"కావాలె గాని, నన్ను చిన్నమ్మ అనె గద," అన్నది సారయ్య భార్య సుజాత, పాల బకెట్ పట్టుకొని కొట్టంలో నుంచి వస్తూ.

"అనెనా? అయిపాయె!" అన్నది యాకమ్మ. "ఇంటి పేరు అడగకముందే వరుస పెట్టుకుంటరా ఎవరన్న? నోట్లకెల్లి పడ్డ వరుస, బండి కింద పడ్డ కోడి ఒక్కటే బిడ్డా. మళ్ల లేవది."

నేను కడిగిన గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి ఆ కోడి గురించి ఆలోచించాను.

పట్నంలో అయితే ఆంటీ అంటే సరిపోతుంది. ఏ వరుసా అంటుకోదు. మా దిక్కు అట్లా కాదు. తల్లి చిన్నమ్మ అయితే బిడ్డ చెల్లె అవుతుంది. ఒక ఇంట్లో అయిందంటే వాడ మొత్తానికీ అయినట్టే. మరునాటికి కిరాణం కొట్టాయన కూడా "సారయ్య కొడుకు వరుస పిలగాడు" అని నాకు సబ్బు ఇచ్చాడు.

*

ఆ గొడుగు పిల్లే రేణుక, సుజాత బిడ్డ. భూపాలపల్లిలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. బస్సు తప్పిన రోజు నా బండి ఎక్కేది. మెల్లగా బస్సు తప్పడం ఎక్కువైంది.

"నువ్వు మాట్లాడవా?" అని అడిగింది ఒకరోజు.

"మాట్లాడుత."

"ఎప్పుడు?"

"పనివడితే."

"అంటే నాతోని పనివడలేదన్నట్టు."

హారన్ కొట్టాను. రోడ్డు మీద ఎవరూ లేరు. రేణుక కిటికీ దిక్కు తిరిగి నవ్వింది. అద్దంలో కనబడింది.

మాట్లాడనివాడికి చూడటమే పని. నేను చూసిన సంగతి ఒకటుంది. చలికాలం వచ్చేసరికి రేణుక నన్ను అన్నా అనడం మానేసింది. అట్లా అని ఇంకేమీ అనదు. "ఇగో", "వింటున్నవా", "నిన్నే". నేను కూడా మొదటి రోజు తర్వాత సుజాతను ఏమనీ పిలవలేదు. ఆమెతో పని ఉంటే ఎదురుగా పోయి నిలబడి, ఆమె చూసేదాకా ఆగేవాణ్ని. ఒకసారి కరెంటు బిల్లు కోసం అట్లా నిలబడితే, ఆమె నన్ను చూడక కొట్టమంతా ఊడ్చుకుంటూ వచ్చి నా కాళ్లను కూడా ఊడ్చింది.

*

పత్తి ఏరుడు అయిపోవచ్చిన రోజుల్లో, ఒక మాపటేళ వాకిట్లో చలిమంట కాగుతున్నాం. రేణుక ఫోన్ చేతిలో పట్టుకొని లేచి నిలబడింది.

"అందరు వినుండ్రి. క్రిస్మస్‌కు మూడు రోజులు సెలవు కలిసొచ్చింది. మనం బీదర్ పోతున్నం."

"బీదరేంది?" అన్నాడు సారయ్య. "గీడ కోటగుళ్లున్నయ్. గటు పోతే రామప్ప ఉన్నది. రాళ్లు జూడనీకె అంత దూరం పోవాల్నా?"

"గవి సైకిల్ మీద పోయి చూసినయే గద బాపు. పొద్దుగాల పోయి మాపటికి వస్తే ట్రిప్పంటరా? ఇంకో ఊళ్లె పండుకోవాలె. తెల్లారి లేచి ఎవరో పెట్టిన చాయ్ తాగాలె."

"బీదర్ల నరసింహసామి గుహ ఉన్నదంటరు. మెడలోతు నీళ్లల్ల నడిచి పోవాలెనంట," అన్నది యాకమ్మ. "నేనొస్త."

"నీ మోకాళ్లు?" అన్నాడు సారయ్య.

"నీళ్లల్ల మోకాళ్లు ఎవరికి గావాలెరా, తేలుకుంట పోత."

"కోటల పెద్ద పెద్ద ఫిరంగులున్నయంట బాపు," అన్నది రేణుక. సారయ్య మంటలో కట్టె సవరించి, "ఎంత పెద్దయి?" అన్నాడు. అంటే ఆయన కూడా ఒప్పుకున్నట్టే.

అప్పుడు సుజాత అన్నది, "మీరు పోయి రాండ్రి. నేనుంట. బంగారికి పాలెవరు పిండుతరు?"

మంట చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారి కొట్టం దిక్కు చూశారు. బర్రె నెమరు ఆపి మా దిక్కు చూసింది. తన మాట మీదనే ఇల్లు నడుస్తున్నదని దానికి తెలుసు.

బంగారి సుజాతకు తప్ప ఎవరికీ పాలివ్వదు. పొదుగు దగ్గరికి దుడ్డెను విడిచినా ఇవ్వదు, దాణా పెట్టినా ఇవ్వదు. అది ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి సుజాత ఇంకో ఇంట్లో నిద్రపోలేదు. మహబూబాబాద్‌లో సొంత తమ్ముని పెండ్లయితే, తలంబ్రాలు పడకముందే బస్సెక్కి వచ్చింది.

"మా తమ్ముని పెండ్లి ఫోటోలల్ల నేను ఒక్కదాంట్ల గూడ లేను," అన్నది సుజాత నవ్వుకుంటూ, నాతో. "చూసినోళ్లు పిల్లగానికి అక్క లేదనుకుంటరు."

ఆమె నవ్వింది కానీ, రేణుక నవ్వలేదు.

"అమ్మ రాకుంటే ట్రిప్పే లేదు," అన్నది. "గింత పెద్ద ఊళ్లె ఆ బర్రెకు ఇంకో మనిషి దొరకడా? దొరకవట్టుదాం." నా దిక్కు తిరిగింది. "ఇగో, బండి నీదే. వస్తవ్ గద?"

"వస్త," అన్నాను.

మరునాడు బండి కడిగాను. దాని మరునాడు మళ్లీ కడిగాను. నడుమ సీట్లో కిటికీ పక్కన కూర్చున్న మనిషి కనబడేటట్టు లోపలి అద్దం సవరించాను. వెనక వచ్చే లారీ కనబడదు. అంత కనబడకపోయినా పర్వాలేదనిపించింది.

*

ఆదివారం పొద్దున కొట్టంలో పరీక్ష పెట్టారు. యాకమ్మ మంచం అక్కడికే మోయించుకుంది.

ముందుగా సారయ్య. "నా బర్రె, నాకు ఇయ్యకుంటే ఎవరికిస్తది?" అనుకుంటూ కూర్చున్నాడు. బంగారి తల తిప్పి బీడీ వాసన చూసింది. కాలు లేపింది. బకెట్ పోయి బంతి చెట్లలో పడింది. సారయ్య దాని వెనకనే పోయి చాలాసేపు బకెట్ వెతికాడు, కనబడుతూనే ఉన్నా.

తర్వాత రేణుక. తల్లి చీర కట్టుకొని, కొంగు నెత్తి మీద కప్పుకొని, అచ్చం తల్లిలాగానే "బంగారీ" అన్నది. బర్రె ఆమె జుట్టు వాసన చూసి గట్టిగా తుమ్మింది.

"షాంపు పడలే దానికి," అన్నాడు సారయ్య.

"నీ బీడీ పడిందా మరి?"

ఇద్దరి లొల్లి పెరిగింది. బంగారి చెవులు వెనక్కి పెట్టింది. యాకమ్మ మంచం కోడు మీద చేతికర్రతో కొట్టింది.

"నోళ్లు మూయుండ్రి! దానికి లొల్లి పడది. గీ డ్రైవర్ పిలగాన్ని కూసోవెట్టుండ్రి. వీనికి నోరే లేదు."

"నేను డ్రైవర్‌ను," అన్నాను.

"బర్రె లైసెన్స్ అడగది," అన్నది రేణుక.

ఇంటి దగ్గర ఆవుల పాలు పిండిన అలవాటు ఉంది నాకు. కానీ చీర అలవాటు లేదు. సుజాత ప్యాంటు మీది నుంచే తన పాత నేత చీర చుట్టింది. కొంగు తల మీదికి లాగి చెవి వెనక దోపింది. రేణుక నన్ను ఒకసారి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండోసారి చూసి గడ్డికుప్ప మీద కూలబడింది.

"సూపరున్నవ్ అక్కా!"

అన్న నుంచి అక్కనయ్యాను. వరుస మారింది కానీ, దారి తప్పి మారింది.

బంగారి కింద కూర్చున్నాను. అది తల తిప్పి నా భుజం మీది చీరను వాసన చూసింది. మొహం మీద వెచ్చగా ఊదింది. చప్పుడు చేయకుండా దాని పక్కకు నుదురు ఆనించి పొదుగు మీద చెయ్యి పెట్టాను. చర్మం కింద ఏదో కదిలింది, పాలు దిగుతున్నాయి.

అప్పుడు తట్టింది నాకు. బర్రె ఒప్పుకోకుంటే ఎవరూ బీదర్ పోరు. ఒప్పుకుంటే నేను పోను.

ఒక్క గోరు తగిలిస్తే చాలు, తన్నుతుంది. తర్వాత ఇంకెవరినో వెతుకుతారు. నా సీటు నాకు ఉంటుంది, నా అద్దం నాకు ఉంటుంది. తల కొంచెం లేపి చూశాను. సుజాత గుంజ పక్కన నిలబడి ఉంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఆ చేతులు ఊరికే ఉండగా చూడటం అదే మొదలు.

పాలధార బకెట్ అడుగున మోగింది.

"ఇచ్చెరా!" అన్నాడు సారయ్య. యాకమ్మ కర్ర పైకి లేపింది.

"నిజంగ పోవచ్చా నేను?" అన్నది సుజాత. ఎవరిని అడిగిందో తెలియదు. బర్రెనే అడిగినట్టుంది.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. రేణుక ఒక్కతే నవ్వు ఆపింది.

"మరి బండెవరు నడుపుతరు?" అన్నది.

*

వెంకటేశ్ నా కొత్తగూడ దోస్తు. మంచోడు. చెడ్డ గుణం ఒకటే, మాట్లాడతాడు.

పొగమంచులో ఎదుటి మనిషి కనబడని పొద్దున, నల్ల అద్దాలు పెట్టుకొని దిగాడు. గేటు తీస్తూనే మొదలుపెట్టాడు.

"అత్తమ్మా! ఆ బ్యాగు నాకియ్యి, నువ్వు మోసుడేంది? మామా, నువ్వు ముంగట కూసో. అమ్మమ్మా, నిన్ను గుహదాక ఎత్తుకపోయే బాధ్యత నాది!"

వాడికి ఇంటి పేరు ఎవరూ అడగలేదు. బండి తాళం చేతికి రాకముందే అల్లుడయ్యాడు. నేను అక్కడ పాత నేత చీరలో, పేడ తట్ట పట్టుకొని నిలబడి ఉన్నాను.

"ఏంరా, మంచిగున్నవ్," అన్నాడు నన్ను చూసి. వాడు కూడా ఎక్కువ మాట్లాడలేకపోయాడంటే నేను ఎట్లా ఉన్నానో.

సుజాత నాలుగుసార్లు కొట్టంలోకి వచ్చి పోయింది. దాణా చూపింది, గడ్డి చూపింది, చూపినవే చూపింది. ఆఖరికి రేణుక చెయ్యి పట్టుకొని బండి ఎక్కించింది. తను నడుమ సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నేను అనుకున్న చోటనే. అద్దం సవరించింది నేను, చూసేది వాడు.

"ఇగో," అన్నది రేణుక కిటికీలో నుంచి. "ఫోన్ దగ్గర పెట్టుకో."

"సరే."

"చలి ఉన్నది. చీర మీద స్వెటర్ వేసుకో."

"సరే."

ఇంకా ఏదో అనబోయింది. వెంకటేశ్ హారన్ కొట్టాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

*

జనగామ దాటినమని ఒకసారి, పట్నం దాటినమని ఒకసారి ఫోన్ వచ్చింది. మాపటికి బీదర్ చేరారు. ఇక్కడ బంగారి నాకు ఎదురు తిరిగింది.

చీర అదే, చెయ్యి అదే. కానీ పొద్దంతా సుజాత కనబడలేదు కదా, దానికి అనుమానం వచ్చింది. గేటు దిక్కు చూసి అరుస్తుంది. పొదుగు నిండి రాయిలాగ ఉంది. ఫోన్ చేశాను.

"ఇయ్యదా?" అన్నది రేణుక. "వీడియో పెట్టు. అమ్మా, ఇటు రా!"

ఫోన్లో సుజాత వచ్చింది. వెనక ఎర్రరాతి కోటగోడ, దాని మీద దిగుతున్న ఎండ. నేను ఫోన్‌ను బర్రె మొహం ముందు పెట్టాను.

"బంగారీ! తిన్నవా బిడ్డా? నీళ్లు తాగినవా? నేనీడనే ఉన్ననే. నా తల్లి గద, పాలియ్యవే."

బంగారి చెవులు రెండూ ముందుకు వచ్చాయి. ఫోన్ వెనకకు పోయి చూసింది. సుజాత అక్కడ లేదు. తిరిగి వచ్చి ఫోన్‌ను నాకింది. కోట మొత్తం తడిసిపోయింది. పాలు దిగాయి.

"అంత పెద్ద కోటల నిలవడి బర్రెతోని ఫోన్ల మాట్లాడుతున్నవే, జనం జూస్తున్నరు," అని సారయ్య గొంతు వినబడింది.

"చూడనీ. వాళ్లకు బర్రె లేదేమో," అన్నది సుజాత.

"అత్తమ్మా, బర్రెతోని అయిపోతే ఒక సెల్ఫీ!" అన్నాడు వెంకటేశ్. నేను పిండుతున్న చెయ్యి కొంచెం గట్టిపడింది. బంగారి కదిలింది. సారీ చెప్పాను, దానికి.

రేణుక ఫోన్ తీసుకుంది. "ఆగు, కోట చూపిస్త." గోడలు, మెట్లు, కాకులు, ఫిరంగి పక్కన నిలబడి దాని పొడవు కొలుస్తున్న సారయ్య, అన్నీ గిర్రున తిరిగాయి.

"ఎట్లున్నది?"

"బాగున్నది."

"ఏం బాగున్నది?"

"కోట."

"కెమెరా ఇప్పుడు నా దిక్కు ఉన్నది," అన్నది రేణుక.

నేను ఫోన్ కింద పెట్టి దుడ్డెకు గడ్డి వేసి వచ్చాను. దుడ్డె గడ్డి తినే ఈడుది కాదు.

తెల్లారి మళ్లీ ఫోన్. ఈసారి సుజాత గొంతులో ఏదో తేడా ఉంది. "బంగారీ, ఒక సంగతి చెప్త విను. రోజటి తీర్గనే చీకటితోని లేచి కూసున్న. చేతులు ఏం జేయాల్నో తెల్వలే. జరసేపు చూసి మళ్ల పండుకున్న. ఎండ మొహం మీద పడేదాక పండుకున్ననే! ఎవరో పిలగాడు చాయ్ తెచ్చిచ్చిండు, కూసున్నకాడికి!"

బర్రె విన్నది. నేను కూడా విన్నాను. ఇక్కడ ఉండిపోయినందుకు అప్పుడు సంతోషమైంది, మొదటిసారి.

*

రెండో రోజు మాపటేళ ఫోన్లో రేణుక ఒక్కతే ఉంది. చుట్టూ బట్టల మూటలు, చెప్పులు.

"అమ్మోళ్లు గుహలకు పోయిన్రు. బాపమ్మను బాపు, వెంకటేశ్ చెరో రెక్క పట్టుకున్నరు. ఆ వెంకటేశ్ నీళ్లల్ల గూడ మాట్లాడుతనే ఉన్నడు, బయటిదాక వినవడుతున్నది."

"నువ్వు పోలే?"

"బట్టలెవరు పట్టుకోవాలె?" అన్నది. తర్వాత, కొంచెం తగ్గి, "పాల టైమాయె గద. నువ్వు ఫోన్ చేస్తవని."

బంగారి దిక్కు చూశాను. అది గేటు దిక్కు చూస్తున్నది.

"అమ్మ లేదు, నన్నేమో అది లెక్క చెయ్యది. ఎట్ల?"

"ఉండు," అన్నాను. ఫోన్ గుంజకు ఆనించి పెట్టి కింద కూర్చున్నాను. పొదుగు మీద చెయ్యి పెట్టి, పొద్దున్నించి చేస్తున్నట్టే, దానితో గుసగుసలాడటం మొదలుపెట్టాను.

"ఏం చెప్తున్నవ్ దానికి?"

"ఏం లేదు."

"మాట్లాడుతున్నవ్! నాకు వినవడ్డది. నాతోని సరే, వస్త, ఆ, గింతే. బర్రెతోని ముచ్చట్లా? దాంట్ల ఏమున్నది, నాల ఏం లేదు?"

"అది మళ్ల ప్రశ్నలు అడగది."

ఫోన్లో మూటలు పక్కకు జరిపిన చప్పుడు వినబడింది.

"సరే," అన్నది రేణుక. "దానికే చెప్పు. నేను లేననుకో. ఒక్క ప్రశ్న గూడ అడగ."

బంగారి నల్లటి పక్కకు నుదురు ఆనించాను. అక్కడి నుంచి ఫోన్ కనబడదు. అది మంచిదైంది.

"బంగారీ, ఒక సంగతి చెప్త. తన్నకు. మీ ఇంటికి వచ్చిన మొదటి రోజు నేను తొందరవడ్డ. గేటు తీసుకొని ఎవరొస్తరో చూసినంక వరుస పెట్టాల్సింది. చూడకముందే పెట్టిన. ఆ రోజు నుంచి మీ అమ్మను చిన్నమ్మ అననీకె నోరు రాదు, ఇంకోటి అననీకె ధైర్నం రాదు. ఏమనీ పిలవకుంట ఎదురుంగ పోయి నిలవడుతున్న. నా కాళ్లు గూడ ఊడ్చింది. బీదర్ పోదమంటే బండి కడిగిన, అద్దం సదిరిన. ఆ పిల్ల కనవడాలెనని సదిరిన. నువ్వేమో ఒప్పుకున్నవ్. మంచిపని చేసినవ్, మీ అమ్మ ఎండొచ్చేదాక పండుకున్నది. కాని నేనీడ చీర గట్టుకొని ఉన్న, వాడాడ నిమిషానికోసారి అత్తమ్మా అంటున్నడు. వాడు ఊకనే అంటున్నడే బంగారీ. ఆ మాట నేనంటే ఊకనే అనను."

పుట్టినప్పటి నుంచి అంత పొడుగు మాట్లాడింది లేదు. పాలు దిగాయి.

రేణుక నిజంగానే ఒక్క ప్రశ్న అడగలేదు. బకెట్ సగం నిండింది. అప్పుడు మెల్లగా అన్నది.

"బంగారి ఏమన్నది?"

"పాలిచ్చింది."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"దాని దిక్కు నుంచి."

"నా దిక్కు నుంచి గూడ..."

అక్కడ ఆగింది. నేను తల తిప్పి ఫోన్ చూశాను. రేణుక వెనక ఒక మనిషి నిలబడి ఉంది. తల నుంచి కాళ్ల దాకా తడిసి, కొంగు పిండుకుంటూ. సుజాత. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో.

ఆమె ఫోన్ తీసుకుంది. తన చీరలో ఉన్న నన్ను బాగా చూసింది.

"ఆఖరిదాక పిండు. పొదుగుల మిగలనియ్యకు," అన్నది.

ఫోన్ ఆగిపోయింది.

*

ఆ తర్వాత ఏ ఫోన్ రాలేదు. తెల్లారి పాలకు నేను చేస్తే సారయ్య ఎత్తాడు. సుజాత బంగారితో మాట్లాడింది, నాతో ఒక్క మాట అనలేదు. గది ఖాళీ చేయమంటారేమో అనుకున్నాను. బట్టలు సర్దుకున్నాను. మళ్లీ విప్పాను, మాపటి పాలు ఎవరు పిండుతారు?

మాపటికి బండి రాలేదు. పాల టైము దాటుతుంటే చీర చుట్టుకొని కొట్టంలోకి పోయాను. అప్పుడే గేటు ముందు బండి ఆగింది.

వెంకటేశ్ దిగాడు. నల్ల అద్దాలు జేబులో ఉన్నాయి.

"చిన్నమ్మా, బ్యాగులు ఏడ పెట్టాలె?" అన్నాడు.

చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో అనుకున్నాను. వాడు నా దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు, "ఏందిరా గిది? నిన్న మాపటికెళ్లి నన్ను అత్తమ్మ అననిస్తలేదు. 'బిడ్డా, నిన్ను చూస్తే నాకు కొడుకు లెక్కనే అనిపిస్తున్నది, చిన్నమ్మ అను' అన్నది. నేనేం తప్పు జేసిన?"

సుజాత ఇంట్లోకి పోలేదు. చెప్పులతోనే నేరుగా కొట్టంలోకి వచ్చింది. బంగారి గొంతు తీసి అరిచింది. ఆమె దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, వీపు నిమిరి, పొదుగు చూసింది.

"చిక్కలే. మంచిగనే అర్సుకున్నవ్."

నేను లేచి నిలబడ్డాను. కొంగు జారింది. సరిచేసుకున్నాను.

"మొదటి రోజు ఒక్కసారి అన్నవ్ చిన్నమ్మ అని. మళ్ల అనలే," అన్నది సుజాత. "నాకు తెల్వదనుకున్నవా? బర్రె కింద కూసున్నదానికి ఎదురుంగ ఏం కనవడది గాని, చెవులైతే వినవడతయ్. ఏ మాట వచ్చింది, ఏ మాట వస్తలేదు, అన్ని తెలుస్తయ్."

రేణుక గేటు దగ్గరనే ఆగిపోయింది. గేటు తీయాలో వేయాలో తెలియనట్టు పట్టుకొని ఉంది.

"ఆ రోజు నా వీపు జూసి పిలిచినవ్," అన్నది సుజాత. "ఈసారి మొహం జూసి పిలువు."

చూశాను. బీదర్ ఎండకు కొంచెం కమిలిన మొహం, నిద్ర తీరిన కండ్లు.

"బాపమ్మా," అన్నది రేణుక గేటు దగ్గరి నుంచి. "బండి కింద పడ్డ కోడి లేస్తదా?"

యాకమ్మ సారయ్య భుజం పట్టుకొని బండి దిగుతున్నది. "ఎందుకు లేవదే? నన్ను మెడలోతు నీళ్లల్ల ముంచి ముంచి తీసిన్రు. నేనే లేచిన. కోడికేం రోగం?"

"అత్తా," అన్నాను.

ఊకనే అనలేదు.

సుజాత నా చేతిలో నుంచి బకెట్ తీసుకొని బంగారి కింద కూర్చుంది. వీపు నా దిక్కు ఉంది. ఆ వీపు నవ్వుతున్నట్టు తెలుస్తున్నది.

"నన్ను ఎవ్వరు అడగరా?" అన్నాడు సారయ్య.

"నిన్ను అడుగుడేందిరా? అత్త మొగడు మామ గాక ఏమైతడు?" అన్నది యాకమ్మ.

సారయ్య నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "మీ అమ్మను నాయినను తోల్కరా. మాట్లాడుదాం. గాని ఆ రోజు గిట్ల రాకు. ప్యాంటు షర్టు మీద రా."

"అయితే వీళ్లిద్దరు లగ్గమైనంక యాడికన్న పోతరు. నా కోడలు గూడ ఇంగ ఊరు జూసింది, ఆగది," అన్నది యాకమ్మ, ఆలోచిస్తూ. "అప్పుడు బంగారికి పాలెవరు పిండుతరు?"

అందరి కండ్లూ మెల్లగా వెంకటేశ్ మీద పడ్డాయి. వాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. వాణ్ని ఎరిగిన ఇన్నేళ్లలో అట్లా చూడలేదు నేను.

రేణుక గేటు వేసి నడుచుకుంటూ వచ్చింది. నన్ను మీది నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, కుచ్చిళ్ల దగ్గర ఆగింది.

"ఇగో బావా, గా చీర ఆడ విడువు. పొద్దుగాల అమ్మకు గావాలె."

విడిచాను. మొదటి రోజు గేటు దగ్గర చెప్పులతో పాటు విడిచినదాన్ని మాత్రం ఇయ్యమని అడగలేదు. ఉండనీ, ఆమె దగ్గరనే.